భోజనానికి పిలిచారు, ఏం పట్టుకెళ్దాం?

అందరికీ నమస్కారం.

మీకు నచ్చిన విషయం మీద మాట్లాడండి అని నిర్వాహకులు అన్నప్పుడు నేను ఈ విషయం చెప్పాను. మా ఇంట్లోవాళ్లే ఆశ్చర్యపోయారు. ఒకరింటికి భోజనానికి వెళ్తూ ఏం పట్టుకెళ్లాలి అన్నదాని మీద అంతసేపు మాట్లాడటానికి ఏముంటుంది అన్నారు. నాకు మాత్రం చాలా ఉందనిపిస్తుంది. ఏడింటికి భోజనమైతే ఆరున్నరకి దారిలో ఏదో షాపు ముందు బండి ఆపి, "వట్టి చేతులతో వెళ్తే బాగుండదు, ఏదో ఒకటి తీసుకో" అని గబగబా కొనేసిన సందర్భం మీలో చాలామందికి ఉండే ఉంటుంది. ఆ "ఏదో ఒకటి" తర్వాత ఏమవుతుందో మనం చూడం. తలుపు తీసినవాళ్లు చూస్తారు. అందుకే తలుపుకి లోపలి వైపు నుంచి మొదలుపెడతాను.

ఒకసారి మా ఇంటికి ఎనిమిది మందిని రాత్రి భోజనానికి పిలిచాను. పొయ్యి మీద నూనె కాగుతోంది. ఇంకో పొయ్యి మీద అన్నం ఉడుకుతోంది. బెల్ మోగింది. తలుపు తీస్తే పెద్ద పూలగుత్తి. చాలా అందంగా ఉంది. చాలా సంతోషంగా అందుకున్నాను. కానీ ఆ క్షణం నుంచి నాకు కొత్త పని మొదలైంది. పూలని నీళ్లలో పెట్టాలి. అంత పొడుగు కాడలు పట్టే పాత్ర ఇంట్లో ఒక్కటే ఉంది, అది తాగే నీళ్ల జగ్గు. అప్పటికే దాన్ని కడిగి బల్ల మీద పెట్టాను. కాడల చుట్టూ ఉన్న టేపు ఊడదీయాలి, కాడలు కొంచెం కోయాలి, ఎందుకంటే కోసి చాలాసేపైన కాడలోకి గాలి చేరితే అది నీళ్లు సరిగా పీల్చుకోదు. నేను కత్తెర వెతుక్కుంటుంటే వంటింట్లోంచి మాడు వాసన.

ఇంకో జంట ఐస్‌క్రీమ్ తెచ్చారు. పెద్ద డబ్బా. మా ఫ్రీజర్‌లో చోటు లేదు. లోపల ఉన్నవి రెండు బయటికి తీసి దాన్ని లోపల పెట్టాను. బయటికి తీసినవి ఆ హడావిడిలో మర్చిపోయాను, అవి పాడైపోయాయి. వాళ్లని నేను తప్పు పట్టడం లేదు. ప్రేమగా తెచ్చారు, పిల్లలు ఇష్టంగా తిన్నారు.

అందరికంటే చివర మా కుటుంబానికి బాగా దగ్గరైన ఒక పెద్దాయన వచ్చారు. ఆయన పొద్దున్నే ఫోన్ చేసి, "అమ్మా, మీ ఫ్రిజ్‌లో చోటుందా?" అని అడిగారు. ఇవాళ అస్సలు లేదు బాబాయ్ అన్నాను. సాయంత్రం ఆయన చల్లదనం నిలిచే పెట్టె ఒకటి మోసుకొచ్చారు. నిండా ఐసు ముక్కలు. నేరుగా వంటింటి గడప పక్కన పెట్టి, "ఇది ఇక్కడే ఉంటుంది, నువ్వేం చూసుకోనక్కర్లేదు. ఎవరికి కావాలంటే వాళ్లే తీసుకుంటారు, వెళ్లేటప్పుడు పెట్టె నేనే పట్టుకెళ్తా" అన్నారు. ఆ రాత్రి ఎనిమిది మందికీ చల్లటి నీళ్లు అందాయి. ఐసు పెట్టడానికి ఫ్రీజర్‌లో చోటు లేదన్న బెంగ నాకు పొద్దున్నుంచీ ఉంది. ఆ బెంగ ఉందని ఆయనకి ఎలా తెలిసింది? ఆయనకి తెలియదు. అడిగారు, అంతే.

అప్పటి నుంచి ఏదైనా కొనేముందు నన్ను నేను ఒక మాట అడుగుతాను. దీన్ని వాళ్ల చేతిలో పెట్టిన తర్వాత రెండు నిమిషాలు వాళ్లు ఏం చేయాల్సి వస్తుంది? విప్పాలా, కోయాలా, వేడి చేయాలా, ఫ్రిజ్‌లో సర్దాలా, అప్పటికప్పుడు అందరికీ వడ్డించాలా? వంట చేసి పిలిచినవాళ్లకి రోజంతటిలో బాగా ఒత్తిడిగా ఉండేది మనం బెల్ కొట్టే ఆ సమయమే. అప్పుడు వాళ్లకి కొత్త పని పెట్టని వస్తువు ఏదైనా మంచిదే. ఉన్న పనిలో కొంత తీసేసేదైతే ఇంకా మంచిది.

పూలే తీసుకెళ్లాలనుకుంటే నీళ్లు పోసిన సీసాలోనో, చిన్న గ్లాసు పాత్రలోనో పెట్టి తీసుకెళ్లండి. బల్ల మీద పెడితే సరిపోతుంది. మొక్కతో ఉన్న కుండీ ఇవ్వాలనుకుంటే ముందు అడగండి. అది ఒక పూటతో అయిపోయేది కాదు, రోజూ నీళ్లు పోయాల్సిన బాధ్యత. పండ్లు తీసుకెళ్తుంటే ఆ రాత్రే తినేయాల్సినంత మాగినవి కాకుండా, రెండు మూడు రోజులు ఆగేవి చూడండి. బాగా మాగిన పండు నుంచి ఇథిలీన్ అనే వాయువు వస్తుంది, అది పక్కనున్న పండ్లని కూడా త్వరగా మాగేలా చేస్తుంది. పూర్తిగా పండినవి పెద్ద బుట్టెడు తీసుకెళ్తే, మర్నాడు పొద్దున వాళ్ల మొదటి పని వాటిని ఎవరెవరికి పంచాలా అని ఆలోచించడం.

ఇంకో సంగతి. మీరు తెచ్చింది ఆ పూటే బల్ల మీదికి రావాలని ఎదురుచూడకండి. వాళ్లు ఏ వంటకం తర్వాత ఏది వడ్డించాలో ముందే అనుకుని ఉంటారు. స్వీటు కూడా చేసి ఉంటారు. మీ స్వీట్ల పెట్టె కూడా తెరవాల్సి వస్తే, వాళ్లు పొద్దున్నుంచి కష్టపడి చేసింది పక్కకి వెళ్తుంది. ఇచ్చేటప్పుడే "ఇది రేపు మీరు టీతో తినడానికి" అని చెప్పేస్తే వాళ్ల మనసు తేలికపడుతుంది. చిన్న మాటే, కానీ చెప్పేవాళ్లు చాలా తక్కువ.

ఇప్పుడు ఖరీదు సంగతి. మనలో చాలామందికి లోపల ఒక లెక్క ఉంటుంది. ఎంత ఎక్కువ పెడితే అంత మర్యాద అని. 2009లో ఫ్రాన్సిస్ ఫ్లిన్, గాబ్రియెల్ ఆడమ్స్ అనే ఇద్దరు పరిశోధకులు ఈ లెక్కని పరీక్షించి చూశారు. బహుమతి ఇచ్చేవాళ్లు ఖరీదు పెరిగేకొద్దీ ఎదుటివాళ్ల మెప్పు కూడా పెరుగుతుందని నమ్ముతున్నారు. పుచ్చుకున్నవాళ్ల సంతోషానికి మాత్రం ఖరీదుతో అలాంటి సంబంధం కనబడలేదు. 2016లో గాలక్, గివీ, విలియమ్స్ అనే ముగ్గురు కలిసి రాసిన వ్యాసంలో దీనికి తోడుగా ఇంకో మాట ఉంది. ఇచ్చేవాళ్లు చేతిలో పెట్టే క్షణాన్ని చూస్తారట. ఎదుటివాళ్ల ముఖంలో ఆశ్చర్యం, నవ్వు. పుచ్చుకున్నవాళ్లు ఆ తర్వాత దాన్ని వాడుకునే రోజులన్నిటినీ చూస్తారు. నాకు ఇది చదివినప్పుడు ఆ పూలగుత్తి, ఆ ఐసు పెట్టె రెండూ గుర్తొచ్చాయి.

ఖరీదైన కానుకతో ఇంకో ఇబ్బంది కూడా ఉంది. మార్సెల్ మోస్ అనే ఫ్రెంచ్ పండితుడు 1925లో కానుకల గురించి ఒక పెద్ద వ్యాసం ప్రచురించాడు. ఇవ్వడం, పుచ్చుకోవడం, తిరిగి ఇవ్వడం అనే మూడూ మనుషుల మధ్య బాధ్యతలుగా ఒకదానికొకటి ముడిపడి ఉంటాయని ఆయన చెప్పాడు. ఆలోచించి చూడండి. వాళ్లు భోజనం పెడుతున్నారు. మనం ఒక చిన్న వస్తువు తెచ్చాం. అక్కడికి సమానంగానే ఉంది. మనం వాళ్ల స్థాయికి మించిన వస్తువు తెస్తే, మనింటికి వచ్చేటప్పుడు వాళ్లు దానికి తగ్గది వెతుక్కోవాలి. అన్నం పెట్టినవాళ్లే అప్పు పడ్డట్టు అవుతుంది. కొన్ని స్నేహాలు ఇలాగే సన్నగిల్లడం నేను చూశాను. గొడవ ఏమీ ఉండదు. పిలుపులు తగ్గిపోతాయి, అంతే. లాటిన్ భాషలో హోస్పెస్ అనే ఒక్క మాటకే పిలిచినవాళ్లు, వచ్చినవాళ్లు అని రెండు అర్థాలూ ఉన్నాయి. ఫ్రెంచ్‌లో ఈనాటికీ ఒకే మాట ఇద్దరికీ చెల్లుతుంది. ఇవాళ పిలిచినవాళ్లు రేపు మన గుమ్మం ముందు నిలబడతారు. ఏం కొంటున్నామో ఆలోచించేటప్పుడు ఆ రేపటిని కూడా తలచుకోవాలి.

మరి ఏం తీసుకెళ్లాలో ఎలా తెలుసుకోవాలి? అడగాలి. అడగడంలో కూడా పద్ధతి ఉంది. "ఏమైనా తెమ్మంటారా?" అంటే ఎవరైనా "అయ్యో, ఏమీ వద్దండీ, మీరొస్తే చాలు" అనే అంటారు. ఆ ప్రశ్న ఆ జవాబునే తెస్తుంది. "పండ్లు తేనా, బల్ల మీదికి మంచినీళ్ల సీసాలు తేనా?" అని రెండు పేర్లు చెప్పి అడిగితే వాళ్లు ఒకటి ఎంచుకోగలుగుతారు. ఇంకా దగ్గరివాళ్లైతే "కుర్చీలు సరిపోతాయా, పళ్లేలు సరిపోతాయా?" అని అడగండి. ఎక్కువమందిని పిలిచినప్పుడు తక్కువయ్యేవి ఇవే. రుచికరమైన వంటలు చేసి, గరిటెలు లేక ఇబ్బంది పడ్డ ఇళ్లు నాకు తెలుసు.

ఒకవేళ వాళ్లు గట్టిగా, రెండోసారి కూడా "నిజంగా ఏమీ తేవద్దు" అన్నారనుకోండి. దాన్ని నమ్మండి. అక్కడ మన పట్టుదల మర్యాద అనిపించుకోదు. ఇంట్లో సర్దడానికి చోటు లేకపోవచ్చు, ఒకరు తెచ్చి ఇంకొకరు తేకపోతే ఆ తేనివాళ్లు చిన్నబోతారని అనుకుని ఉండవచ్చు. కారణం చెప్పాల్సిన అవసరం వాళ్లకి లేదు.

అసలు వస్తువు కంటే ముందు మనం ఇవ్వాల్సింది ఇంకొకటి ఉంది. సమాచారం. అతిథి అనే మాటకి తిథి లేనివాడు, అంటే ఫలానా రోజు వస్తానని చెప్పకుండా వచ్చేవాడు అని పెద్దలు అర్థం చెప్తారు. మనం అలా వెళ్లడం లేదు. తేదీ, టైమ్ అన్నీ ముందే తెలుసు. కాబట్టి ఎంతమంది వస్తున్నాం, పిల్లలు వస్తున్నారా, మనలో ఎవరైనా ఏది తినరు, ఏది పడదు అన్నది రెండు రోజుల ముందే చెప్పేయాలి. బల్ల ముందు కూర్చున్నాక "నాకిది పడదండీ" అంటే, వండినవాళ్ల ప్రాణం ఉసూరుమంటుంది. మొహమాటంతో చెప్పకుండా తినేయడం ఇంకా ప్రమాదం. వేరుశనగ, జీడిపప్పు లాంటి గింజలు, గుడ్లు, పాలు, నువ్వులు కొందరికి ప్రాణం మీదికి తెచ్చే అలర్జీ కలిగిస్తాయి. ప్యాకెట్ల మీద తప్పనిసరిగా ప్రకటించాల్సిన అలర్జీ పదార్థాల జాబితాలో అమెరికా నువ్వుల్ని తొమ్మిదోదిగా చేర్చి, 2023 నుంచి అమలు చేసింది. ఐరోపా సమాఖ్య జాబితాలో 14 ఉన్నాయి. ప్యాకెట్ల మీదే అంత జాగ్రత్తగా రాస్తుంటే, ఇంట్లో వండి తీసుకెళ్లే డబ్బా మీద మనం ఒక చీటీ అంటించలేమా? ఇందులో ఏమేం వేశామో నాలుగు మాటలు రాస్తే చాలు.

మనం తీసుకెళ్లే వస్తువు విషయంలోనూ ఆ ఇంట్లో ఎవరెవరున్నారో గుర్తుచేసుకోవాలి. పిల్లి ఉన్న ఇంటికి లిల్లీ పూలు వద్దు. పిల్లులకి అసలు లిల్లీ జాతి పూలు విషం. ఆకు నమిలినా, ఒంటి మీద పడ్డ పుప్పొడి నాకినా, ఆ పూలున్న పాత్రలో నీళ్లు తాగినా వాటి మూత్రపిండాలు చెడిపోతాయి. కుక్క ఉన్న ఇంట్లో చాక్లెట్, ద్రాక్ష అందేచోట పెట్టకూడదు. ఏడాది నిండని బిడ్డ ఉన్న ఇంటికి తేనె సీసా తీసుకెళ్తే, ఆ బిడ్డకి నాకించవద్దని తప్పకుండా చెప్పండి. తేనెలో ఉండగల ఒక రకం సూక్ష్మజీవి బీజాలు పసిపిల్లల పేగుల్లో పెరిగి బొటులిజం అనే ప్రమాదకరమైన జబ్బు తెస్తాయి. షుగర్ ఉన్న పెద్దవాళ్ల ముందు రెండు కేజీల స్వీట్ల పెట్టె తెరిచి పెట్టడం గురించి నేను ప్రత్యేకంగా చెప్పక్కర్లేదు. మద్యం సంగతి కూడా అంతే. ఆ ఇంట్లో తాగుతారని మీకు స్పష్టంగా తెలిస్తే తప్ప తీసుకెళ్లవద్దు. ఎవరో ఒకరు మానేయడానికి రోజూ పోరాడుతూ ఉండవచ్చు. మన సీసా వాళ్ల బల్ల మీద కూర్చోకూడదు.

వండి తీసుకెళ్లేవాళ్లకి ఒక్క మాట. వండిన ఆహారాన్ని మామూలు వేడిలో రెండు గంటలకు మించి వదిలేయవద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్తుంది. సుమారు 5 నుంచి 60 డిగ్రీల మధ్య వేడిలో క్రిములు చాలా వేగంగా పెరుగుతాయి. గంట ప్రయాణం, ఆ తర్వాత గంటన్నర కబుర్లు, అప్పుడు భోజనం అంటే ఆ లెక్క దాటిపోయింది. దూరం వెళ్తున్నప్పుడు పొడిగా ఉండి, చల్లారినా పాడవని వంటకం ఎంచుకోండి. వడ్డించే గరిటె మీరే తీసుకెళ్లండి. తిరిగి ఇవ్వాల్సిన డబ్బాలో కాకుండా, వాళ్లే ఉంచేసుకోదగ్గ డబ్బాలో తీసుకెళ్తే వాళ్లకి కడిగి, దాచి, గుర్తుపెట్టుకుని పంపించే పని తప్పుతుంది.

పిల్లల కోసం కొంటే ఇంట్లో ఎంతమంది పిల్లలుంటే అన్ని, ఒకే రకంవి. ఇక్కడ ఇంతకంటే చెప్పేది లేదు, తల్లులందరికీ తెలుసు.

ఇప్పుడు నేను ఈ విషయం ఎంచుకోవడానికి అసలు కారణానికి వస్తాను.

నేను కొత్తగా ఉద్యోగంలో చేరిన రోజుల్లో నాతో పనిచేసే ఒకామె ఉండేది. మంచి స్నేహితురాలు. ఎన్నిసార్లు భోజనానికి పిలిచినా రాలేదు. ఒకసారి తలనొప్పి, ఒకసారి చుట్టాలొచ్చారు. నాకు మనసులో కష్టంగా ఉండేది. నా మీద ఏదో కోపముందేమో అనుకున్నాను. చాలా కాలం తర్వాత ఒక రోజు తనే చెప్పింది. "అక్కా, అప్పట్లో నెలాఖరుకి బస్సు చార్జీలు కూడా లెక్క చూసుకునేదాన్ని. మీ ఇంటికి అందరూ ఏవేవో పట్టుకొస్తారు కదా. వట్టి చేతులతో రావడానికి మనసొప్పేది కాదు." ఆ మాట విన్న రాత్రి నాకు నిద్ర పట్టలేదు. మా ఇంటి తలుపు దగ్గర పోగయ్యే ఆ సంచులు, పెట్టెలు ఒక మనిషిని రెండేళ్లపాటు నా భోజనాల బల్లకి దూరంగా ఉంచాయి. ఆ వస్తువుల్లో ఒక్కటి కూడా నాకిప్పుడు గుర్తు లేదు.

అందుకే పిలిచేవాళ్లకి చేతులు జోడించి చెప్తున్నాను. వచ్చినవాళ్లు తెచ్చినవి అందరికీ కనబడేలా బల్ల మీద వరసగా పేర్చకండి. తీసుకుని, మనస్ఫూర్తిగా థాంక్స్ చెప్పి, లోపల పెట్టేయండి. ఏమీ తేనివాళ్లు గుమ్మం దగ్గర "ఏమీ తేలేకపోయానండీ" అని నసుగుతుంటే "ఎందుకండీ" అని వదిలేయకుండా, చేతికి ఏదో ఒక పని ఇవ్వండి. "రండి, గ్లాసులు సర్దడంలో సాయం చేద్దురు గానీ" అంటే ఆ మనిషి భుజాలు సడలడం మీకు కనబడుతుంది. నేను చాలాసార్లు చూశాను.

వెళ్లేవాళ్లకి, ముఖ్యంగా చేతిలో డబ్బు లేని రోజుల్లో ఉన్నవాళ్లకి చెప్తున్నాను. డబ్బు లేదని భోజనం పిలుపు వదులుకోకండి. వెళ్లండి. ముందుగా చెప్పిన టైమ్‌కి వెళ్లండి. మరీ అరగంట ముందు వద్దు, వాళ్లు ఇంకా స్నానం చేస్తూ ఉంటారు. ఫోన్ సంచిలో పెట్టేయండి. ఆ ఇంట్లో ఎవరూ పలకరించకుండా మూలన కూర్చున్న పెద్దవాళ్లు ఉంటే వాళ్ల పక్కన కాసేపు కూర్చోండి. వంట చేసే మనిషికి ఆ రాత్రి అన్నిటికంటే పెద్ద సాయం అదే కావచ్చు. తిన్నాక పళ్లేలు ఎత్తండి. వాళ్లు వద్దంటే మానేయండి, వంటింట్లోకి రావడం ఇష్టంలేనివాళ్లు కూడా ఉంటారు. మర్నాడు ఫోన్ చేసి, "బాగుంది" అని ఊరుకోకుండా, ఏ వంటకం బాగుందో పేరు పెట్టి చెప్పండి. ఎలా చేశారో అడగండి. ఇరవై మందికి వండి అలిసిపోయిన మనిషి మర్నాడు ఆ ఫోన్ కోసం ఎంత ఎదురుచూస్తుందో వండినవాళ్లకే తెలుసు.

ఆ స్నేహితురాలు ఆ మాట చెప్పిన తర్వాత మా ఇంటికి వచ్చింది. ఏమీ తేలేదు, నేనే తేవద్దని ఒట్టు పెట్టాను. మా అత్తగారి పక్కన కూర్చుని గంటసేపు కబుర్లు చెప్పింది. మా అత్తగారికి అప్పటికే వినికిడి తగ్గింది, నెమ్మదిగా, గట్టిగా మాట్లాడాలి. అంత ఓపికగా ఆవిడతో మాట్లాడినవాళ్లని నేను అంతకుముందు చూడలేదు. నెల తిరగకముందే తను మమ్మల్ని భోజనానికి పిలిచింది. వెళ్లే ముందు రోజు ఫోన్ చేసి, పండ్లు తేనా, ఇంకేమైనా తేనా అని అడిగాను. కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "అక్కా, నిజం చెప్పనా? మా ఇంట్లో నాలుగే కుర్చీలున్నాయి, మనం ఆరుగురం" అంది.

రెండు మడత కుర్చీలు చెరొకటి పట్టుకుని నేనూ మా ఆయనా మెట్లెక్కాం. తనే ఎదురొచ్చి నా చేతిలోది అందుకుంది.